కెప్టెన్‌కు గొంతిచ్చిన మా మాస్టారు

మా తెలుగు మాస్టారు పోయిన నెలలో రెంటచింతలలో కన్నుమూశారు. ఫోన్ చేసింది ఆయన తమ్ముడు. "అన్న పోయాడమ్మా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఫోన్ పక్కవాళ్ళ చేతికిచ్చాడు. నేను హైదరాబాద్‌లో స్టూడియోలో ఉన్నాను. పని మధ్యలో వదిలేసి మాచర్ల బస్సెక్కాను. సాగర్ దాకా ఏడుపు రాలేదు. కృష్ణ దాటి బస్సు మా వైపు ఎండలోకి వచ్చాక, కిటికీ ఊచ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. అప్పుడొచ్చింది.

మీలో ఆయన ముఖం చూసినవాళ్ళు తక్కువ. గొంతు మాత్రం చాలామంది వినే ఉంటారు. అంతరిక్ష నౌక మీద ఐదు భాగాలుగా వచ్చిన ఇంగ్లీషు సినిమాలున్నాయి; తెలుగులో డబ్బింగ్ చేసి టీవీలో ఆదివారం మధ్యాహ్నాలు వేస్తుంటారు. అందులో నౌకను నడిపే కెప్టెన్‌కు తెలుగు మాటలు చెప్పింది మా మాస్టారు. పగలు హైస్కూల్లో సంధులు, సమాసాలు చెప్పి, సెలవులకు హైదరాబాద్ వెళ్ళి నక్షత్రాల మధ్య తిరిగొచ్చేవారు. ఊళ్ళో సగం మందికి ఆ సంగతి తెలియదు. ఆయన చెప్పుకోలేదు.

ఆయన సొంతూరు కారంపూడి. ఉద్యోగం రెంటచింతలలో, ఇల్లూ అక్కడే కట్టుకున్నారు. నేను ఆయన దృష్టిలో పడింది బడిలో కాదు. మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం మా గుడిలో బైబిలు పఠనం చదివేదాన్ని. మైకు బయటికి కట్టి ఉండేది. సోమవారం క్లాసులో నన్ను లేపి, నిన్న చదివింది నువ్వేనా అని అడిగారు. అవునన్నాను. గొంతు బాగుందని, అయితే వాక్యం చివర మింగేస్తున్నానని అన్నారు. "చివరి మాట నీది కాదమ్మాయ్, వినేవాడిది. ఇచ్చెయ్యాలి" అన్నారు. ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరికి నేనా మాట చెబుతూనే ఉంటాను.

ఆయనకు నాటకాల పిచ్చి ఉండేది. నరసరావుపేటలో ఒకసారి పరిషత్తు నాటక పోటీలకు వెళ్ళారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన హైదరాబాద్‌లో డబ్బింగ్ పనులు చూసే మనిషి. మాస్టారి వేషం ఆయనకు అంతగా నచ్చలేదట, కళ్ళు మూసుకుంటే మాత్రం బాగుందట. ఆ ముక్క మాస్టారే నవ్వుతూ చెప్పేవారు. అలా మొదలైంది. నా డిగ్రీ అయ్యాక, స్టూడియోలో మాటలు రాసే ఆయనకు తప్పుల్లేకుండా తెలుగు రాసే మనిషి కావాలంటే, నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది ఆయనే. నేను ఈ వృత్తిలోకి వచ్చిన దారి అంతే.

డబ్బింగ్ అంటే తెర మీది పెదవులకు మన మాట అతకడం. అక్కడ పెదవులు మూసుకుంటే ఇక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. మాస్టారు ఓష్ఠ్యాలంటూ బళ్ళో చెప్పిన పాఠం నాకు అక్కడ పనికొచ్చింది. రికార్డింగుకు ముందు ఆయన పెరుగు తినేవారు కాదు. జేబులో చిన్న స్టీలు డబ్బాలో మిరియాలు, తాటిబెల్లం ఉండేవి. స్టూడియోలో ఏసీ ఆయనకు పడేది కాదు. మా ఊరి ఎండకు అలవాటు పడిన ఒళ్ళు కదా, మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకుని మైకు ముందు నిలబడి, శత్రు నౌకల మీద దాడికి ఆజ్ఞలిచ్చేవారు. అద్దం ఇవతల మేం నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళం.

రెండు భాగాలు సాఫీగా వచ్చాయి. మూడో భాగంతో చిక్కు మొదలైంది. కెప్టెన్‌గా వేసిన నటుడికీ నిర్మాతలకూ ఏదో తేడా వచ్చి అతను తప్పుకున్నాడు. అతని స్థానంలో వయసులో చిన్నవాణ్ణి పెట్టారు. కళ్ళ రంగు వేరు, నడక వేరు. మొదటి భాగంలో ఎడమ చెంప మీద ఉన్న గాటు ఇతనికి లేనే లేదు. నౌకలో ఒక్కరూ ఆ మార్పు గమనించినట్టు ఉండరు. నిన్నటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతారు. ముఖం మారింది కాబట్టి గొంతు కూడా మారుద్దామని మా స్టూడియోలో అనుకున్నారు. ఒక కుర్ర గొంతును పెట్టి చూశారు. కొత్త ముఖానికి అతికినట్టే ఉంది గానీ, కెప్టెన్ కనపడకుండా పోయాడు. అదే రీలు మాస్టారి చేత చెప్పించారు. కాసేపటికి ముఖం సంగతి మరిచిపోయాం.

ఆ సినిమాకు మాస్టారు పడినంత కష్టం ఇంకే సినిమాకూ పడలేదు. గొంతులో వయసు తెలియకూడదని పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగులాంటి నడక నడిచేవారు. ఎందుకంత అని అడిగితే, ఆ కొత్త కుర్రవాడి మీద జాలి అన్నారు. అందరూ అతనిలో పాతవాణ్ణి వెతుక్కుంటారట. "పాపం, వచ్చినవాడి తప్పేముంది? మనమన్నా వాడికి తోడుండాలి" అన్నారు. ఇంగ్లీషులో ఆ నటుణ్ణి జనం ఒప్పుకోలేదని విన్నాను. తెలుగులో ఆ గొడవే రాలేదు.

నాలుగో భాగం నాటికి మాటలు రాసేది నేనే. అందులో కెప్టెన్ తోడబుట్టినవాడు తెర మీదికి వస్తాడు. ఇంగ్లీషులో బ్రదర్ అనేస్తే సరిపోతుంది. మనకు అన్నో తమ్ముడో తేలాలి. మొదటి భాగంలో ఆ ప్రస్తావన వచ్చినచోట నాకంటే ముందు రాసినాయన తమ్ముడు అని రాసేశారు. తీరా చూస్తే నాలుగో భాగంలో ఆ పాత్రకు తల నెరిసిన నటుణ్ణి తెచ్చారు. కెప్టెన్ పక్కన బాబాయిలా ఉన్నాడు. తమ్ముడూ అని పిలిపిస్తే హాల్లో నవ్వుతారు. అన్నయ్యా అంటే మొదటి భాగం అబద్ధమైపోతుంది. ఎవరు పట్టించుకుంటారులే, అన్న అని రాసెయ్యమన్నారు స్టూడియోలో. మాస్టారు ఒప్పుకోలేదు. తీసినవాళ్ళు మరిచిపోవచ్చు గానీ చూసినవాడు మరిచిపోడన్నారు. చివరికి ఆయనే చెప్పారు, పిలిచే ప్రతిచోటా వరస లేకుండా చూసి, తప్పనిచోట "నా తోడబుట్టినవాడు" అని రాయమని.

ఆ మాట మైకులో చెప్పేటప్పుడు ఆయన గొంతు జీరబోయింది. మళ్ళీ చేద్దామని ఆయనే అన్నారు. మళ్ళీ అలాగే అయింది. బయటికొచ్చి మంచినీళ్ళు తాగుతూ, కారంపూడిలో తనకొక తమ్ముడున్నాడని, మాటల్లేవని చెప్పారు. అన్నేళ్ళలో నాకు ఆ సంగతి తెలియడం అదే మొదలు.

మిగతాది ఆయన భార్య చెప్పారు. ఆమెను నేను అమ్మగారు అంటాను. తమ్ముడు ఒకసారి కారంపూడిలో సర్పంచిగా నిలబడ్డాడు. ఊరి మధ్య టీ కొట్టు దగ్గర ఎవరో మాస్టారిని, మీ తమ్ముడు ఎట్లా చేస్తాడని అడిగారు. ఆయన మొహమాటం తెలియని మనిషి. వాడికి కోపం ఎక్కువ, ఊరికి పనికిరాడు అనేశారు. తమ్ముడు ఓడిపోయాడు. ఆ మాట వల్లే ఓడిపోయాడా అంటే ఎవరూ చెప్పలేరు. ఓడినవాడికి మాత్రం ఆ మాటే మిగిలింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళకూ చావులకూ కూడా ఒకరున్నచోటికి ఇంకొకరు రాలేదు.

మాస్టారు రిటైరయ్యాక గొంతు బొంగురుపోవడం మొదలైంది. జలుబన్నారు, ధూళి అన్నారు. సిగరెట్టు ముట్టని మనిషికి గొంతులో క్యాన్సర్ అంటే మేమెవరం నమ్మలేదు. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అక్కణ్ణుంచే. నేను చూడడానికి వెళ్ళినప్పుడు బడిపిల్లల పలక మీద రాసి చూపించారు: "ఇప్పుడు చివరి మాట కూడా నాదే. ఇవ్వడానికి లేదు." నవ్వించడానికి రాశారని తెలుసు. నావల్ల కాలేదు.

అప్పుడే ఐదో భాగం వచ్చింది. ఈసారి వాళ్ళు ఇంకో పని చేశారు. పాత నటుడితో రాజీపడి అతన్ని వెనక్కి తెచ్చారు. తెచ్చి, మూడో భాగం, నాలుగో భాగం అసలు జరగనే లేదన్నట్టు కథ నడిపారు. ముసలివాడైన కెప్టెన్ చివర్లో చనిపోతాడు. మా స్టూడియోవాళ్ళకు పాత గొంతే కావాలి. మాస్టారి పాత రికార్డింగులు ఇస్తే కంప్యూటరు అదే గొంతుతో కొత్త మాటలు చెబుతుందని, ఆయన ఒప్పుకుంటే చాలని, అడిగి రమ్మని నన్ను పంపారు.

రెంటచింతల ఇంటి వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో నమూనా వినిపించాను. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. వంటింట్లో ఉన్న అమ్మగారు బయటికి రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం ఆగింది. అయ్యాక ఆయన పలక తీసుకుని "బాగుంది. ఊపిరి లేదు" అని రాశారు. కథ ఏమిటని అడిగారు. రెండు భాగాలు చెరిపేశారని చెబితే ఆయనకు కోపమొచ్చింది. "జరిగినవి జరగలేదంటే ఎట్లా? మనం చూశాం కదా" అని రాశారు.  తర్వాత తుడిచి, ఒక్క మాట రాశారు: "కారంపూడి."

మిరపకాయల కాలం. తమ్ముడు ఇంట్లో లేడు, ఊరి బయట కల్లంలో ఉన్నాడన్నారు. ఆటోలో ముగ్గురం అక్కడికే వెళ్ళాం. నేల మీద ఎర్రగా పరిచిన కాయలు, అటువైపు ఐదారుగురు కూలీలు. ఆటో దిగుతుండగానే వినిపించింది.

"పట్టా ఇటు లాగండయ్యా, మబ్బేస్తంది."

అది మాస్టారి గొంతు. కాస్త మోటుగా ఉంది, అంతే. అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు ఆమె నిజంగా, ఊపిరితో వినడం అదే మొదటిసారి.

తమ్ముడు ఇటు తిరిగి చూశాడు. దగ్గరికి రాలేదు.

"ఏంది, ఇన్నేళ్ళకి తోవ కనపడిందా?" అన్నాడు. మాస్టారు కండువా మెడకు చుట్టుకుని అలాగే నిలబడ్డారు. "ఊరంతా వినేట్టు పనికిరానోణ్ణన్నావుగా. ఇప్పుడు మాట రావట్లా? మాట్టాడు."

"మాట్టాడలేరు అబ్బాయ్," అన్నారు అమ్మగారు. "గొంతు తీసేశారు."

మాస్టారు కండువా తీశారు. తమ్ముడు ఉన్నచోటే కాయల పక్కన కూలబడ్డాడు. వంట్లో బాగాలేదని విన్నానని, ఇదని ఎవరూ చెప్పలేదని అన్నాడు. ఈలోపు మిరప ఘాటు మాస్టారి మెడలోని రంధ్రానికి తగిలి దగ్గు పట్టుకుంది. చప్పుడు లేని దగ్గు, ఒళ్ళంతా కదిలిపోతోంది. తమ్ముడు ఒక్క ఉదుటున లేచి, తన తువ్వాలు కుండలో ముంచి పిండి, అన్న మెడకు అడ్డం పట్టి, గాలికి ఎదురుగా ఉన్న వేపచెట్టు కిందికి నడిపించుకుపోయాడు. దగ్గు తగ్గేదాకా ఆ తడి గుడ్డ అలా పట్టుకునే ఉన్నాడు.

మాస్టారు పలక తీసింది అప్పుడు. తమ్ముడికి రాసిందల్లా పైకి చదవడం అలవాటు. "సినిమాలో ఆఖరి చావు నువ్వు చెప్పాలి" అని చదివి, తెల్లబోయి నా వైపు చూశాడు. ఐదో భాగంలో కెప్టెన్ మాటలన్నీ అతను చెప్పాలని నేను వివరించాను. తనకేం తెలుసు, మిరపకాయలు పండించుకునేవాణ్ణి అన్నాడు. మాస్టారు తుడిచి మళ్ళీ రాశారు. తమ్ముడు చదివాడు: "ఇది నాన్న గొంతు. నాది పోయింది. నీది ఉంది."

అమ్మగారు అటు తిరిగి నిలబడ్డారు.

తమ్ముడు అన్నాడు, "ఆ ఏళ్ళన్నీ జరగలేదనుకుందాంలే అన్నా."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. సుద్ద విరిగింది. ఉన్న ముక్కతోనే రాశారు. ఈసారి తమ్ముడు పైకి చదవలేదు. నేను పక్కనుంచి చూశాను: "జరిగాయి. అయినా వచ్చాను."

ఆ తర్వాత కొన్నాళ్ళు తమ్ముడు కారంపూడి నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి నాటకాల్లో వేషాలు వేసినవాళ్ళే, కాబట్టి మరీ కొత్త కాదు. మాస్టారు అతని వీపు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. ఊపిరి తీసుకోవలసినచోట చెయ్యి మెల్లగా వదిలేవారు, మాట పడవలసినచోట నొక్కేవారు. తమ్ముడికి కోపం నిజంగానే ఎక్కువ. వాక్యం కుదరకపోతే కాగితాలు విసిరికొట్టి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని, భుజాలు కదిలేట్టు, చప్పుడు లేకుండా నవ్వేవారు. కాసేపటికి అతనే లోపలికి వచ్చి కాగితాలు ఏరుకునేవాడు.

స్టూడియోవాళ్ళు అతని గొంతు విని ఒప్పుకున్నారు. అక్కడ కూడా అలాగే వీపు మీద చెయ్యి. అద్దం ఇవతల నుంచి చూస్తున్నాం. తెర మీద కెప్టెన్ తన సీట్లో ఒరిగిపోయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "చాలా దూరం వచ్చాం" అని నేను రాశాను. తమ్ముడు "చానా దూరం వచ్చాం" అన్నాడు. చాలా బాగా అన్నాడు. మేనేజర్ తల పట్టుకున్నాడు. ఐదు సినిమాల నుంచి పుస్తకం భాష మాట్లాడిన కెప్టెన్ ఆఖరి క్షణంలో పల్నాడు మాట్లాడితే ఎట్లా, మళ్ళీ చేద్దామన్నాడు. అద్దం అవతల మాస్టారు పలక పైకెత్తి పట్టుకున్నారు. "ఉంచండి" అని ఉంది.

ఒక నువ్వు, మీరు తేడా వస్తే కూడా నిద్రపోని మనిషి అలా ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో అడిగాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోతుంటే రాశారు: "పోయేటప్పుడు మనిషి ఇంటి మాటే మాట్లాడతాడు." సినిమా వచ్చాక ఆ మాట మీద నెట్‌లో కొందరు జోకులేశారు, కెప్టెన్‌ది మాచర్ల అని. మాస్టారికి చూపిస్తే సంతోషపడ్డారు.

నరసరావుపేటలో మధ్యాహ్నం ఆటకు అందరం వెళ్ళాం. హాలు సగం కూడా నిండలేదు. కెప్టెన్ చనిపోయినప్పుడు వెనక ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. మాస్టారు వెనక్కి తిరిగి, ఆ చీకట్లో ఆ మనిషి ఎవరా అని చూశారు. పరిషత్తు నాటకాల రోజుల్లో తెర సందులోంచి జనాన్ని చూసేవాళ్ళు ఉంటారే, అలా.

జబ్బు మళ్ళీ వచ్చి ఊపిరితిత్తుల్లో చేరింది. ఆఖరి నెలల్లో తమ్ముడు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఇటునుంచి మాట ఉండదు. అమ్మగారు ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకునేవారు, తమ్ముడు పొలం కబుర్లన్నీ చెప్పేవాడు, విన్నానన్నట్టు మాస్టారు గోటితో ఫోన్ మీద టక్కుమని కొట్టేవారు. ఒక సాయంత్రం ఆ చప్పుడు వినపడలేదు. తమ్ముడు వెంటనే బయలుదేరి వచ్చాడు. ఆ రాత్రి అన్న పక్కనే ఉన్నాడు. తెల్లవారుజామున పోయారు.

పెద్దకర్మ దాకా నేనక్కడే ఉన్నాను. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, కుర్చీలు, షామియానా, పనులన్నీ తమ్ముడే చూశాడు. ఒక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అన్ని రోజులూ అతను ఆ ఇంట్లో నోరు విప్పలేదు. ఎవరన్నా ఏదన్నా అడిగితే చేత్తో చూపించేవాడు, లేకపోతే గేటు బయటికి తీసుకెళ్ళి చెప్పి వచ్చేవాడు. కోపమేమో అనుకున్నారు కొందరు. మొదటిరోజు అతను గుమ్మంలోంచి ఎవరినో పిలిస్తే, లోపల అమ్మగారు "ఆఁ, వస్తున్నా" అంటూ లేచారట. అప్పట్నుంచీ అంతే.

నేను బయలుదేరే రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డారు. అమ్మగారు వసారాలో చాప మీద గోడకానుకుని కూర్చున్నారు. తమ్ముడు కాస్త దూరంగా, స్తంభం దగ్గర. ఆమె అతని వైపు చూడకుండానే అన్నారు:

"మాట్టాడు అబ్బాయ్. ఏదో ఒకటి."

"ఏం మాట్టాడేది వదినా?"

"ఏదైనా."

 అతను మిరపకాయల రేటు ఈ వారం కాస్త లేచిందని చెప్పాడు. కాలవకు నీళ్ళు ఎప్పుడొదులుతారో తెలియదని, పైచేలో గట్టు తెగితే వేయించానని, ఎర్రావు చూలుతో ఉందని చెప్పాడు. వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది. నా బస్సుకు వేళవుతోంది గానీ నేను సంచి పట్టుకుని మెట్ల మీదే ఆగిపోయాను. అతని దగ్గర కబుర్లు అయిపోతున్నాయి. చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడు. అమ్మగారు కళ్ళు మూసుకుని, తల గోడకానించి, అతను ఆగినప్పుడల్లా ఊఁ అంటున్నారు.